పాత కరెంటు అంచనాలు, తేలిన లెక్కలు: తరచుగా అడిగే ప్రశ్నలు

విద్యుత్తు, వాతావరణం మీద బెజవాడ, గుంటూరు కాలేజీల్లో మాట్లాడినప్పుడల్లా చివర్లో వచ్చే ప్రశ్నలు దాదాపు ఇవే. అడిగేవాళ్ళలో ఇంజినీరింగ్ పిల్లలుంటారు, అపార్ట్‌మెంట్ సంఘాల పెద్దలుంటారు, విలేకరులుంటారు. ఎవరు ఏది అడిగినా చివరికి ఒకచోటికే వస్తుంది: పదేళ్ళ కిందట చెప్పినవాళ్ళ మాట నిలబడిందా, ఇప్పుడు చెప్పేవాళ్ళను ఎంతవరకు నమ్మాలి?

పాత అంచనాలను ఇప్పుడు తవ్వుకోవడం దేనికి? జరిగిందేదో జరిగిపోయింది కదా?

జరిగిపోలేదు, దాని బిల్లు ఇంకా వస్తూనే ఉంది. మీ ఇంటి కరెంటు బిల్లు తీసి ఎనర్జీ చార్జీ కింద ఏముందో చూడండి. ఎఫ్‌పీపీసీఏ (ఇంధనం, కరెంటు కొనుగోలు ఖర్చు సర్దుబాటు) అని ఒక వరస, కొన్ని నెలల్లో ట్రూ అప్ (పాత లెక్కల తేడా వసూలు) అని ఇంకో వరస కనబడతాయి. వచ్చే ఏడాది ఎంత కరెంటు కావాలి, ఎవరి దగ్గర ఎంతకు కొనాలి అని డిస్కంలు, అంటే కరెంటు పంపిణీ సంస్థలు, ముందే లెక్కలు వేసి విద్యుత్ నియంత్రణ మండలికి ఇస్తాయి. టారిఫ్ దాని మీదే ఖరారవుతుంది. తర్వాత అసలు ఖర్చు ఎక్కువ తేలితే ఆ తేడా మన నెత్తిన పడుతుంది. మన రాష్ట్రంలో 2023లో యూనిట్‌కు 40 పైసల చొప్పున నెలనెలా వడ్డించడం మొదలైంది ఈ పద్ధతిలోనే. అంటే అంచనాకూ వాస్తవానికీ ఉన్న తేడా మన ఇంట్లో ఫ్రిజ్ మీద పెట్టిన కాగితంలోనే అచ్చయి ఉంది.

అది ఒక ఏడాది అంచనా తప్పితే. వాతావరణ విధానం నడిచేది ఇరవై, ముప్పై ఏళ్ళ అంచనాల మీద. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం వీటీపీఎస్‌లో మొదటి యూనిట్ 1979లో మొదలైంది. థర్మల్ ప్లాంటు ఒకసారి కడితే నలభై ఏళ్ళు మనతోనే ఉంటుంది. అందుకే కట్టేముందు వేసిన లెక్క ఎటు ఒరిగిందో చూసుకోవాలి.

సినారియో, అంచనా, లక్ష్యం: మూడూ ఒకటేనా?

కాదు. ‘ఇలా చేస్తే ఇలా అవుతుంది’ అనేది సినారియో. ‘ఇలా జరగబోతోంది’ అనేది అంచనా. ‘ఇంత చేసి తీరతాం’ అనేది లక్ష్యం. పేపర్లు మూడింటినీ ఒకే గాటన కట్టేస్తాయి. లక్ష్యం తప్పితే చేసేవాళ్ళను అడగాలి, అంచనా తప్పితే లెక్క కట్టినవాళ్ళను అడగాలి. సినారియోను మాత్రం ‘నిజమైందా’ అని కాకుండా ‘అందులో అనుకున్న షరతులు నిజంగా వచ్చాయా’ అని అడగాలి. ఈ తేడా పట్టించుకోకపోతే పోలిక మొత్తం వృథా.

అంత చదువుకున్నవాళ్ళు వేసిన లెక్కలు ఎందుకు తప్పుతాయి?

గుంటూరు మిర్చి యార్డుకు వెళ్ళి చూడండి. ఒక ఏడాది క్వింటాలు రేటు బాగా పలికిందంటే మరుసటి ఏడాది ఊరంతా మిర్చే వేస్తుంది, రేటు పడిపోతుంది. నిన్నటి గీతను రేపటిలోకి గీసుకుంటూ పోతే వచ్చే తంటా అది. ఇంధన రంగంలో పెద్ద పెద్ద సంస్థలు చేసిందీ చాలావరకు ఇదే.

కాస్త శాస్త్రీయంగా చెప్పాలంటే, జపాన్ శాస్త్రవేత్త యోయిచి కాయా ఇచ్చిన సూత్రం ఒకటుంది. మొత్తం కార్బన్ ఉద్గారాలు నాలుగు అంకెల లబ్ధం: జనాభా, తలసరి ఆదాయం, ఒక రూపాయి ఆదాయానికి వాడే ఇంధనం, ఒక యూనిట్ ఇంధనానికి వెలువడే కార్బన్. పాత అంచనా ఏది తీసుకున్నా ఈ నాలుగింటిగా విడగొట్టి చూస్తే ఎక్కడ కాలు జారిందో తెలిసిపోతుంది. జనాభా లెక్క సాధారణంగా పెద్దగా తప్పదు. తప్పేవి మిగతా మూడు.

కరెంటు డిమాండ్ అంచనాల సంగతేమిటి? తక్కువ చెప్పారా, ఎక్కువ చెప్పారా?

ఎక్కువే చెప్పారు, అదీ చాలా ఎక్కువ. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ కొన్నేళ్ళకోసారి విద్యుత్ సర్వే వేస్తుంది. 2011లో వచ్చిన 18వ సర్వే, 2021-22 నాటికి దేశంలో గరిష్ఠ డిమాండ్ 283 గిగావాట్లు (ఒక గిగావాటు అంటే వెయ్యి మెగావాట్లు) ఉంటుందంది. 2017లో వచ్చిన 19వ సర్వే అదే ఏడాదికి లెక్కను 226కి దించింది. తీరా ఆ ఏడాది వచ్చాక తేలింది సుమారు 203. మొదటి అంచనాకూ వాస్తవానికీ తేడా 80 గిగావాట్లు. వీటీపీఎస్ మొత్తం సామర్థ్యం, 800 మెగావాట్ల కొత్త యూనిట్ కలిపినా, 2,560 మెగావాట్లు. అంటే లేని డిమాండ్ కోసం వీటీపీఎస్‌లు ముప్పైకి పైగా లెక్కలోకి వచ్చాయన్నమాట.

కాగితం మీద ఉన్నంతవరకు నష్టం లేదు. కానీ ఆ ఊపులో బ్యాంకులు అప్పులిచ్చాయి, ప్లాంట్లు లేచాయి. 2018లో పార్లమెంటరీ స్థాయీ సంఘం లెక్కతీస్తే, సుమారు 40 వేల మెగావాట్ల సామర్థ్యమున్న 34 బొగ్గు ప్లాంట్లు అప్పుల్లో చిక్కుకుని కనిపించాయి. అవి బ్యాంకుల్లో మనం దాచుకున్న డబ్బులే.

ఎక్కువ అంచనా వేస్తే కనీసం కోతలైనా ఉండకూడదు కదా? 2022లో పవర్ హాలిడే ఎందుకొచ్చింది?

ప్లాంటు ఉండటం వేరు, ప్లాంటులో బొగ్గు ఉండటం వేరు. 2021 అక్టోబరులో దేశంలోని థర్మల్ కేంద్రాల దగ్గర సగటున నాలుగు రోజుల నిల్వలే మిగిలాయి. 2022 ఏప్రిల్‌లో ఎండలు ముందే ముదిరాయి, కోవిడ్ తర్వాత ఫ్యాక్టరీలు ఒక్కసారిగా తెరుచుకున్నాయి, మార్కెట్లో కరెంటు దొరకలేదు. మన రాష్ట్రంలో పరిశ్రమలకు పవర్ హాలిడే ప్రకటించారు. పదేళ్ళ అంచనాలో మిగులు, ఆ నెలలో లోటు. మొత్తం సామర్థ్యం ఎంత అన్న అంకె ఒక్కటే చూసి నిబ్బరంగా ఉంటే ఇలాగే అవుతుంది.

మన దగ్గర తప్పిన అంచనాల్లో అన్నింటికంటే పెద్దది ఏది?

నన్నడిగితే కృష్ణా-గోదావరి గ్యాస్. దీని గురించి కాస్త వివరంగానే చెప్పాలి.

కాకినాడ తీరానికి అవతల సముద్రంలో, కేజీ-డీ6 అనే బ్లాకులో దొరికిన గ్యాస్ గాడిమొగ దగ్గర ఒడ్డుకు చేరుతుంది. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది. ఆమోదం పొందిన ప్రణాళిక ప్రకారం రోజుకు 80 మిలియన్ క్యూబిక్ మీటర్లు రావాలి. 2010లో 60 దాటింది. అక్కడి నుంచి జారడం మొదలై నాలుగైదేళ్ళు తిరిగేసరికి ఎనిమిదో వంతుకు వచ్చేసింది. భూగర్భం సహకరించలేదని గ్యాస్ తీసే రిలయన్స్, తవ్వాల్సినన్ని బావులు తవ్వలేదని కేంద్ర ప్రభుత్వం ఆర్బిట్రేషన్ దాకా వెళ్ళాయి.

ఈలోగా ఒడ్డు మీద జరగాల్సింది జరిగిపోయింది. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, గ్యాస్ రాకముందే ప్లాంట్లు కట్టేశారు. వేమగిరిలో, కోనసీమలో, మన పక్కనే కొండపల్లిలో. పైపు ఉంది, టర్బైను ఉంది, లోపల గ్యాస్ లేదు. 2015 ప్రాంతంలో దేశం మొత్తం మీద గ్యాస్ గ్రిడ్‌కు కలిపిన 24 వేల పైచిలుకు మెగావాట్లలో 14 వేలకు పైగా ఇలా ఇంధనం లేక ఖాళీగా ఉన్నాయి. బయటి దేశాల నుంచి ఎల్‌ఎన్‌జీ (ద్రవరూపంలోకి మార్చిన గ్యాస్) తెచ్చి నడుపుదామంటే యూనిట్ ధర గిట్టదు.

వాతావరణానికీ దీనికీ సంబంధం ఏమిటని అడుగుతారు. చాలా ఉంది. అప్పటి ప్రణాళికల్లో గ్యాస్ అంటే బొగ్గు నుంచి సోలార్ దాకా వేసిన వంతెన. గ్యాస్ ప్లాంటు కార్బన్ బొగ్గులో సుమారు సగమే. ఆ వంతెన కూలిపోయేసరికి లోటును పూడ్చింది మళ్ళీ బొగ్గే. ఒకే ఒక్క వనరు మీద, అందులోనూ భూమిలో ఎంతుందో ఇంకా తేలని వనరు మీద, ఒక ప్రాంతం భవిష్యత్తు మొత్తాన్ని నిలబెట్టిన లెక్క అది. మన దగ్గర దీనికి జవాబుదారీ ఎవరన్నది ఇప్పటికీ ఎవరూ అడగరు. చేతికందే అంకె పెద్దదిగా ఉన్నప్పుడు మనకు ఎక్కడలేని నమ్మకం వచ్చేస్తుంది, అదీ అసలు జబ్బు.

సోలార్ విషయంలో అంచనాలు ఎలా ఉన్నాయి?

ఇక్కడ కథ తిరగబడింది. అందరూ తక్కువే చెప్పారు.

పారిస్‌లోని అంతర్జాతీయ ఇంధన సంస్థ ఏటా ఒక పెద్ద నివేదిక ఇస్తుంది. చాలా ఏళ్ళపాటు అందులోని ప్రధాన సినారియోలో సోలార్ గీత ఒకేలా ఉండేది: ఈ ఏడాది ఎంత పెట్టారో, రాబోయే ఏళ్ళలోనూ దాదాపు అంతే పెడతారు. మరుసటి ఏడాది నివేదిక వచ్చేసరికి అసలు అంకె పైకి ఎగిరి ఉండేది. గీతను ఆ కొత్త అంకె దగ్గర మొదలుపెట్టి మళ్ళీ చదునుగా గీసేవారు. 2010లో ప్రపంచం మొత్తం కలిపి 20 గిగావాట్ల లోపే కొత్తగా పెట్టింది. 2023లో ఒక్క ఏడాదిలోనే 400 దాటింది. ‘మాది అంచనా కాదు, ఇప్పుడున్న విధానాలు అలాగే సాగితే ఏమవుతుందన్న సినారియో’ అని సంస్థ చెప్పుకుంది. మాట నిజమే. కానీ మంత్రులు, బ్యాంకులు దాన్ని జ్యోతిషంలాగే చదివారు.

మన దేశంలోనూ ఇదే వరస. 2010లో జాతీయ సోలార్ మిషన్ మొదలైనప్పుడు 2022 నాటికి 20 గిగావాట్లు అంటే నవ్వారు. 2018 మొదట్లోనే అది పూర్తయింది. ధర చూడండి: 2010 చివర్లో జరిగిన తొలి వేలంలో అతి తక్కువ బిడ్ యూనిట్‌కు 10.95 రూపాయలు. 2017 ఏప్రిల్‌లో మన కడప సోలార్ పార్కుకు 3.15 పలికింది. 2020 చివరికి గుజరాత్‌లో 1.99కి దిగింది.

ఇంత వేగంగా ధర పడితే సంతోషించాలి కదా అంటారు. అందులోనూ ఒక తిరకాసుంది. ధర ఎక్కువగా ఉన్న రోజుల్లో పాతికేళ్ళకు ఒప్పందాలు రాసుకున్నాం. 2019లో రాష్ట్ర ప్రభుత్వం ఆ సోలార్, విండ్ ఒప్పందాలను తిరగదోడాలని చూసింది, వ్యవహారం హైకోర్టుకెక్కింది, 2022 మార్చిలో ఒప్పందాల ప్రకారమే చెల్లించాలని తీర్పు వచ్చింది. ధర పడుతుందన్న మాట ముందే లెక్కలో ఉండి ఉంటే అంత పొడుగు ఒప్పందాలు ఒకేసారి రాసుకునేవాళ్ళం కాదు.

అయితే పర్యావరణం వైపు మాట్లాడేవాళ్ళ అంచనాలన్నీ నిజమయ్యాయన్నమాట?

లేదు, వాళ్ళకూ సొట్టలున్నాయి. 2015లో సోలార్ లక్ష్యాన్ని 2022 నాటికి 100 గిగావాట్లకు పెంచారు. అప్పటికి వచ్చింది 60 పైచిలుకు, వంద చేరింది 2025 మొదట్లో. అందులో ఇళ్ళ పైకప్పుల వాటా 40 గిగావాట్లు అనుకుంటే గడువు నాటికి ఐదో వంతు కూడా పూర్తికాలేదు. బెజవాడలో పటమటలోనో, భవానీపురంలోనో ఏ అపార్ట్‌మెంట్ మెట్లెక్కి చూసినా కారణం తెలుస్తుంది. టెర్రస్ అందరిదీ, అంటే ఎవరిదీ కాదు. వాటర్ ట్యాంకు, డిష్ యాంటెనాలు, బట్టల తీగలు పోగా మిగిలిన జాగా ఎవరి మీటరుకు కలపాలో తేలదు. లక్ష్యం రాసినవాళ్ళు సూర్యరశ్మిని కొలిచారు, సంఘం మీటింగును కొలవలేదు.

2020 నాటికి 60-70 లక్షల ఎలక్ట్రిక్, హైబ్రిడ్ వాహనాలు అని 2013లో రాసుకున్న జాతీయ ప్రణాళిక దరిదాపుల్లోకి కూడా వెళ్ళలేదు. బొగ్గు వాడకం కోవిడ్ ముందు స్థాయికి ఇక చేరదని 2020లో అంతర్జాతీయ ఇంధన సంస్థ ప్రధాన సినారియో చెప్పింది. రెండేళ్ళలోనే ఆ మాట తప్పింది, తర్వాత వరుసగా రికార్డులు. పొగగొట్టంలోనే కార్బన్‌ను పట్టి భూమిలో దాచే ప్రాజెక్టులు 2020 నాటికి వంద ఉంటాయని 2009లో అన్నారు. 30 కూడా లేవు.

అణు విద్యుత్తు?

1980ల్లో పెట్టుకున్న లక్ష్యం 2000 నాటికి 10,000 మెగావాట్లు. వచ్చింది సుమారు 2,700. తర్వాత 2020 నాటికి 20,000 అన్నారు. వచ్చింది 7,000 లోపు. ఇప్పుడు 2047 నాటికి లక్ష మెగావాట్లు అంటున్నారు. పాత చిట్టా చూశాక ఎవరి నమ్మకం వాళ్ళది.

అంచనా కంటే బాగా జరిగిందని మన జిల్లా నుంచి ఒక ఉదాహరణ చెప్పగలరా?

ఎల్‌ఈడీ బల్బు. 2014లో ఇంటింటికీ ఎల్‌ఈడీ పథకాన్ని రాష్ట్రంలో ముందుగా తీసుకొచ్చిన నాలుగు జిల్లాల్లో గుంటూరు ఒకటి. పాత ఫిలమెంటు బల్బు ఇచ్చి పది రూపాయలు కడితే ఎల్‌ఈడీ చేతిలో పెట్టేవారు, ఇంటికి రెండు. ఆ ఏడాది మొదట్లో ప్రభుత్వ సంస్థ ఒక్కో బల్బును 310 రూపాయలకు కొన్నది. 2016 కల్లా కొనుగోలు ధర 38కి పడింది. దేశమంతా కలిపి ఆ పథకంలో 36 కోట్లకు పైగా బల్బులు పంచారు. 18వ సర్వేలో వేసుకున్న డిమాండ్ రాకపోవడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. కరెంటు ఆదా చేసే వస్తువు ఇంత చవగ్గా వస్తుందని ప్లాంట్లు కట్టేవాళ్ళ లెక్కల్లో సాధారణంగా ఉండదు. ఉండాలని వాళ్ళకు పెద్ద కోరికా ఉండదు.

దేశంలో సగం విద్యుత్ సామర్థ్యం శిలాజేతరం, అంటే బొగ్గు, గ్యాస్, చమురు కానిది, అయిపోయిందట కదా? ఇక బొగ్గు పనైపోయినట్టేనా?

2030కి అనుకున్న ఆ 50 శాతం 2025లోనే వచ్చిన మాట నిజం. కానీ అది స్థాపిత సామర్థ్యం లెక్క. ఏడాది పొడవునా పుట్టిన యూనిట్లు లెక్కపెడితే బొగ్గు వాటా ఇప్పటికీ దాదాపు 70 శాతం. సోలార్ ప్యానెల్ రాత్రి పనిచేయదు, మన ఏసీలేమో మే నెలలో రాత్రి పదకొండింటికి పూర్తి జోరులో ఉంటాయి. 2024-25లో దేశంలో బొగ్గు ఉత్పత్తి మొదటిసారి వంద కోట్ల టన్నులు దాటింది. ఎవరైనా శాతం చెబితే ‘దేంట్లో శాతం?’ అని అడగండి.

ఇంధన అంచనాలు ఇన్నిసార్లు తప్పితే, భూమి వేడెక్కుతుందన్న మోడళ్ళను మాత్రం ఎందుకు నమ్మాలి?

ఎందుకంటే అవి వేరే రకం లెక్కలు. ఎంత కార్బన్ వదులుతామన్నది మనుషుల తీరు. వదిలిన కార్బన్‌కు ఎంత వేడెక్కుతుందన్నది భౌతికశాస్త్రం. రెండోది బాగానే నిలబడింది.

1988లో నాసా శాస్త్రవేత్త జేమ్స్ హాన్సెన్ మూడు సినారియోలు ఇచ్చాడు. మధ్యలోది తర్వాత జరిగినదానికంటే కాస్త ఎక్కువ వేడి చూపించింది. కారణం వెతికితే, ఆయన ఊహించినంతగా ఫ్రిజ్‌లలో వాడిన సీఎఫ్‌సీ వాయువులు, మీథేన్ గాలిలో పెరగలేదు. ఓజోన్ కోసం 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందం సీఎఫ్‌సీలను అదుపు చేసింది. నిజంగా పెరిగిన వాయువుల లెక్క పెట్టి చూస్తే ఆయన మోడల్ చక్కగా సరిపోతుంది. 1970ల నుంచి వచ్చిన 17 మోడల్ అంచనాలను జెక్ హౌస్‌ఫాదర్ బృందం ఇలాగే పరీక్షిస్తే, ఈ సవరణ తర్వాత 14 వాస్తవంతో కలిశాయి.

ఆర్‌సీపీ 8.5 అనే భయంకరమైన సినారియో అబద్ధమంటున్నారు. నిజమేనా?

అబద్ధం కాదు, దాన్ని వాడిన తీరు తప్పు. ఉద్గారాలు అన్నింటికంటే ఎక్కువగా ఉండేలా వేసిన వాతావరణ సినారియో అది, ఈ శతాబ్దం చివరికి బొగ్గు వాడకం ఐదు రెట్లు పెరుగుతుందన్నంత దూరం వెళ్ళే దారి. ‘ఏ చర్యా తీసుకోకపోతే జరిగేది ఇదే’ అని ఎన్నో నివేదికలు దాన్ని చూపించాయి. 2020లో హౌస్‌ఫాదర్, గ్లెన్ పీటర్స్ నేచర్ పత్రికలో అభ్యంతరం చెప్పింది ఇందుకే. అదే ఏడాది ఇంకో బృందం, 2005 నుంచి 2020 వరకు మొత్తం ఉద్గారాలు ఆ దారికి చాలా దగ్గరగానే ఉన్నాయని చూపించింది. రెండూ నిజమే. మొదటి పదిహేనేళ్ళలో అన్ని దారులూ పక్కపక్కనే ఉంటాయి, విడిపోయేది తర్వాత.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2025 నివేదిక ప్రకారం ఇప్పుడున్న విధానాలతో ఈ శతాబ్దంలో భూమి 2.8 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. ఆర్‌సీపీ 8.5 కంటే నయం, పారిస్ ఒప్పందానికి మాత్రం చాలా దూరం. 2003, 2015 వేసవులు చూసిన కోస్తా వాళ్ళకు 2.8 అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు.

సరిగ్గా కలిసిన అంచనా మంచి అంచనాయే కదా?

తప్పనిసరిగా కాదు. 2020 నాటికి ఉద్గారాలను 2005తో పోలిస్తే 17 శాతం తగ్గిస్తామని అమెరికా మాటిచ్చింది, 20 శాతానికి పైగా తగ్గించింది. అందులో కోవిడ్ లాక్‌డౌన్ చలవ ఎంతో ఉంది. మరుసటి ఏడాది మళ్ళీ పెరిగాయి. రెండు తప్పులు ఎదురెదురై కొట్టుకుపోయినా చివరి అంకె కలుస్తుంది. కాయా సూత్రంలో ముక్కముక్కా కలిసిందో లేదో చూడాలి.

ఇంతకీ ఈ పోలికల నుంచి విధానాలు రాసేవాళ్ళు నేర్చుకోవాల్సింది ఏమిటి?

తప్పులు అడ్డదిడ్డంగా లేవు, ఒక వాటం ఉంది. ఫ్యాక్టరీలో లక్షల కొద్దీ తయారయ్యే చిన్న వస్తువులు, ప్యానెల్, బల్బు, బ్యాటరీ లాంటివి, అనుకున్నదానికంటే చవగ్గా, త్వరగా వచ్చాయి. ఒక్కొక్కటీ విడిగా కట్టాల్సిన భారీ ప్రాజెక్టులు ఆలస్యమయ్యాయి. డిమాండ్‌ను చాలాసార్లు ఎక్కువ చూపించారు. ఇంటి గడప దాటి మనుషులు కలిసి ఒప్పుకోవాల్సినవి లక్ష్యాల కంటే వెనకబడ్డాయి.

దీన్నిబట్టి నా అభిప్రాయం: పాతికేళ్ళ ఒప్పందాలు ఒకేసారి కుప్పగా రాసుకోకూడదు, విడతలుగా రాసుకోవాలి. కొత్త థర్మల్ యూనిట్ కావాలని అడిగేవాళ్ళు, తమ గత అంచనాలు ఎంత కలిశాయో ముందు పేజీలో పెట్టాలి. ధరలు పడే వాటికి అంచనా ఒక్క అంకెగా కాకుండా, తక్కువ, ఎక్కువ హద్దులతో ఇవ్వాలి. నిల్వ మీద, అంటే బ్యాటరీలు, నీళ్ళను పైకి తోడి దాచి అవసరమైనప్పుడు వదిలి కరెంటు తీసే పిన్నాపురం లాంటి పంప్డ్ స్టోరేజ్ మీద, ఇప్పుడు వేస్తున్న అంచనాలను మూడేళ్ళకోసారి తిరగతోడాలి. రాష్ట్రం 2024లో 160 గిగావాట్ల హరిత విద్యుత్ లక్ష్యంతో విధానం తెచ్చింది. ఆ అంకె గొప్పదా కాదా అనేకంటే, ఏ ఏడాదికి ఎంత, దేనికి ఎవరు జవాబుదారీ అన్న పట్టిక అడగడం మేలు.

ఇవన్నీ పెద్దవాళ్ళ వ్యవహారం. మామూలు వినియోగదారుడు అడగగలిగేది ఏమైనా ఉందా?

ఉంది, అదీ ఉచితంగా. డిస్కంలు ఏటా నవంబరు చివరికి వచ్చే ఏడాది లెక్కలు నియంత్రణ మండలికి ఇస్తాయి. కృష్ణా, గుంటూరు వైపు మనది సీపీడీసీఎల్, ఆఫీసు విజయవాడలోనే. ఆ పత్రాలు వెబ్‌సైట్‌లో పెడతారు, అభ్యంతరాలకు గడువిస్తారు, బహిరంగ విచారణ జరుపుతారు. లాయరు అక్కర్లేదు, తెలుగులో రాసివ్వొచ్చు. పోయిన మూడేళ్ళలో డిమాండ్ ఎంతని చెప్పారు, ఎంత తేలింది, కొనుగోలు ధర ఎంతన్నారు, ఎంతకు కొన్నారు అని నాలుగు గడుల పట్టిక అడగండి. విచారణల్లో సబ్సిడీల గురించి, మోటార్ల మీటర్ల గురించి గంటలు గంటలు వాదనలు నడుస్తాయి. ఈ పట్టిక అడిగేవాళ్ళు తక్కువ.